రాయితీ కూపను

రాయితీ కూపను అనగా ఒక వస్తువును కొనేటప్పుడు దాని ధరలో కొంత భాగాన్ని తగ్గించుకోవడానికి గాని, అదనంగా మరొక వస్తువును పొందడానికి గాని కొనుగోలుదారుకు హక్కు కల్పించే చీటీ. ఈ చీటీని వస్తువును తయారుచేసిన సంస్థ ఇవ్వవచ్చు, అమ్మే దుకాణం ఇవ్వవచ్చు, లేదా ప్రభుత్వమే ఇవ్వవచ్చు. నేడు కాగితపు చీటీ స్థానంలో సెల్‌ఫోనుకు వచ్చే అంకెల సంకేతం, దుకాణపు సభ్యత్వ కార్డు, రివార్డు పాయింట్లు, క్యాష్‌బ్యాక్ మున్నగునవి అదే పని చేస్తున్నాయి. ఈ వ్యాసంలో కూపన్ల చరిత్ర, రకాలు, తెలుగునాట వాటి స్వరూపం, వాటి వలన గృహస్థుకు కలిగే లాభనష్టాల లెక్క, సంబంధిత చట్టాలు వివరించబడినవి. పట్టణపు సూపర్ మార్కెట్లకు దూరంగా ఉన్న పల్లెలలో ఈ రాయితీలు ఎంతవరకు అందుతాయో తెలుపడానికి ఖమ్మం, భద్రాచలం అటవీ ప్రాంతాల సరిహద్దున గల జూలూరుపాడు పరిసరాలు ఉదాహరణగా తీసుకోబడినవి.

పదం, భావన

కూపను అనే మాట ఫ్రెంచి భాష నుండి ఇంగ్లీషు ద్వారా తెలుగులోకి వచ్చినది. మూలార్థం "కత్తిరించిన ముక్క". మాట పరాయిదే అయినా భావన తెలుగువారికి కొత్తది కాదు. కొలిచి ఇచ్చిన సరుకు మీద దుకాణదారుడు లేదా సంతలో అమ్మే రైతు ఉచితంగా వేసే అదనపు పిడికెడును "కొసరు" అంటారు. "కొసరి అడగడం", "కొసరి వడ్డించడం" అనే వాడుకలు దీని నుండి వచ్చినవే. మానిక, సోల, తవ్వ వంటి కొలతలు వాడుకలో ఉన్న కాలంలో కొసరు బేరంలో ఒక భాగం. 1958 నుండి అంచెలంచెలుగా మెట్రిక్ తూనికలు, ఆ తరువాత ధర ముద్రించిన పొట్లాలు వచ్చిన పిదప కొసరు వేసే అవకాశం తగ్గిపోయినది. సీలు వేసిన పొట్లం మీద కొసరు వేయడం సాధ్యం కాదు. ఆ ఖాళీలోకే "ఒకటి కొంటే ఒకటి ఉచితం" వంటి ఆఫర్లు వచ్చి చేరినవి.

అయితే కొసరుకు, కూపనుకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. కొసరు ముఖపరిచయం మీద, బేరం మీద ఆధారపడుతుంది. కూపను ముందుగా రాసిన షరతుల మీద ఆధారపడుతుంది. గడువు తేదీ, కనీస కొనుగోలు మొత్తం, వర్తించే వస్తువుల జాబితా అనేవి ఆ షరతులలో ప్రధానమైనవి.

చరిత్ర

పాశ్చాత్య దేశాలలో

కొనుగోలు చేసినవారికి లాభంలో వాటా తిరిగి ఇవ్వడం సహకారోద్యమంతో ఒక పద్ధతిగా స్థిరపడినది. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 1844లో 28 మంది సభ్యులు కలిసి ఒక సరుకుల దుకాణం తెరిచారు. సంవత్సరంలో ఎవరు ఎంత విలువ గల సరుకు కొన్నారో ఆ నిష్పత్తిలో మిగులును వారికి పంచే సూత్రాన్ని వారు పాటించారు. నేటి దుకాణపు రివార్డు పాయింట్లకు ఇది పూర్వరూపమని చెప్పవచ్చు. కాని రోచ్‌డేల్ దుకాణంలో కొనుగోలుదారులే యజమానులు. నేటి పాయింట్ల విధానంలో యజమాని వేరు, కొనుగోలుదారుడు వేరు.

అమెరికాలో కోకా కోలా పానీయాన్ని ప్రజలకు రుచి చూపించడానికి 1887 ప్రాంతంలో పంచిన ఉచిత చీటీలను తొలి వ్యాపార కూపన్లలో ఒకటిగా పేర్కొంటారు. 1896లో స్పెర్రీ, హచిన్సన్ అనే ఇద్దరు వర్తకులు ఆకుపచ్చ స్టాంపుల విధానం ప్రారంభించారు. దుకాణాలు కొనుగోలు విలువను బట్టి ఈ స్టాంపులను ఇచ్చేవి. వాటిని పుస్తకంలో అంటించి, పుస్తకం నిండిన తరువాత గృహోపకరణాలకు మార్చుకొనేవారు. 1930ల ఆర్థిక మాంద్యంలో కూపన్ల వాడకం అమెరికా గృహాలలో బాగా వ్యాపించినది. విమాన సంస్థలు 1981 నుండి ప్రయాణించిన మైళ్లకు పాయింట్లు ఇవ్వసాగాయి. బ్రిటన్‌లో టెస్కో సంస్థ 1995లో క్లబ్‌కార్డు ప్రవేశపెట్టిన తరువాత సరుకుల దుకాణాలలో సభ్యత్వ కార్డుల యుగం మొదలైనది.

భారతదేశంలో

భారతదేశంలో వినియోగదారుల సహకార సంఘాలకు మద్రాసులో 1904లో ఏర్పడిన ట్రిప్లికేన్ పట్టణ సహకార సంఘం ఆద్యమైనది. తయారీదారులు పత్రికలలో అచ్చువేసే కూపన్లు మాత్రం అమెరికాలో వలె ఇక్కడ వేళ్లూనలేదు. కారణం సులభంగానే గ్రహించవచ్చు. అమెరికాలో దుకాణం తాను తీసుకొన్న కూపన్లను పోగుచేసి తయారీదారుకు పంపి, ఆ సొమ్మును తిరిగి పొందుతుంది. లక్షలాది చిన్న కిరాణా కొట్లు, వాటికి పైన అనేక అంచెల పంపిణీదారులు ఉన్న దేశంలో ఈ చీటీలు వెనుకకు ప్రయాణించే మార్గం లేదు. అందుచేత ఇక్కడి తయారీదారులు రాయితీని పొట్లం మీదనే చేర్చారు. సబ్బు మీద సబ్బు, దంతధావన పేస్టుతో బ్రష్షు, బట్టల సబ్బుపొడితో బక్కెట్టు ఇటువంటివే.

ఖాళీ పొట్లాన్నే కూపనుగా మార్చిన ప్రసిద్ధ ఉదాహరణ తమిళనాడుకు చెందినది. సి.కె. రంగనాథన్ 1983లో స్థాపించిన సంస్థ చిక్ షాంపూను చిన్న సాచెట్లలో అమ్ముతూ, ఐదు ఖాళీ సాచెట్లు తెచ్చినవారికి ఒక చిక్ సాచెట్ ఉచితంగా ఇచ్చినది. మొదట ఏ కంపెనీ సాచెట్లనైనా తీసుకొని, తరువాత తమ సాచెట్లకే పరిమితం చేశారు. పల్లె దుకాణంలో సైతం అమలుచేయగల కూపను విధానానికి ఇది మంచి నమూనా.

తెలుగునాట సూపర్ మార్కెట్లు

హైదరాబాదులో 1986లో త్రినేత్ర, 1987లో రత్నదీప్ దుకాణాలు ప్రారంభమైనవి. త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొనుగోలు చేసినది. ఆ దుకాణాలు తరువాత మోర్ పేరుతో నడిచినవి. 2001లో ఆరంభమైన బిగ్ బజార్ 2006 జనవరి 26న పెద్ద ఎత్తున తగ్గింపు అమ్మకం జరిపినది. అదే సంస్థ పాత బట్టలు, పాత సామాన్లు తీసుకొని కూపన్లు ఇచ్చే మార్పిడి పథకాలను కూడా నడిపినది. పాత చీరలకు, తలవెంట్రుకలకు స్టీలు సామాన్లు ఇచ్చే వీధి వ్యాపారం ఎరిగిన తెలుగు గృహిణులకు ఈ మార్పిడి కొత్తగా తోచలేదు. 2022లో బిగ్ బజార్ దుకాణాలు మూతపడినవి. 2002లో ముంబయిలో మొదలైన డీమార్ట్ దీనికి భిన్నమైన మార్గం పట్టినది. పండుగ ఆఫర్ల మీద, పాయింట్ల మీద ఆధారపడక, ప్రతిరోజూ ముద్రిత ధర కంటే తక్కువకు అమ్మడం దాని పద్ధతి.

ప్రభుత్వ కూపన్లు, చౌకధరల దుకాణాలు

తెలుగు పల్లెలలో "కూపను" అనగానే ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది సూపర్ మార్కెట్టు చీటీ కాదు, రేషను కూపను. గృహస్థుకు నిజంగా మిగిలే సొమ్ము దృష్ట్యా కూడా దీనిదే ప్రథమస్థానం.

* 1983: ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించినది.
* 2008: వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం కిలో రెండు రూపాయల ధరను తిరిగి అమలులోకి తెచ్చినది.
* 2011: కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ధరను కిలో ఒక రూపాయికి తగ్గించినది. అదే సంవత్సరం రచ్చబండ కార్యక్రమంలో కార్డు లేని కుటుంబాలకు తాత్కాలిక రేషను కూపన్లు ఇచ్చారు.
* 2013: తొమ్మిది రకాల సరుకులను 185 రూపాయలకు ఇచ్చే అమ్మహస్తం పథకం మొదలైనది. అదే సంవత్సరం కేంద్రం జాతీయ ఆహార భద్రతా చట్టం చేసినది.
* 2015: తెలంగాణలో కుటుంబానికి గరిష్ఠ పరిమితి లేకుండా మనిషికి 6 కిలోల చొప్పున కిలో రూపాయి బియ్యం పంపిణీ ప్రారంభమైనది.
* 2019: ఒక రాష్ట్రపు కార్డుతో మరొక రాష్ట్రంలో సరుకు తీసుకొనే విధానాన్ని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు.
* 2023: ఆహార భద్రతా చట్టం క్రింద ఇచ్చే ధాన్యాన్ని కేంద్రం ఉచితం చేసినది.
* 2025: తెలంగాణలో రేషను దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీ మొదలైనది. మనిషికి 6 కిలోలు ఉచితం.

నలుగురు గల కుటుంబానికి నెలకు 24 కిలోల సన్నబియ్యం లభిస్తుంది. అంగడిలో కిలో 45 రూపాయలు అనుకొన్నచో దాని విలువ 1,080 రూపాయలు. నెలకు నాలుగు వేల రూపాయల సరుకు కొనే కుటుంబానికి ఏ దుకాణపు కార్డూ ఇంత ఆదా చూపలేదు. ఈ కారణం చేత కార్డులో పిల్లల పేర్లు, కొత్త కోడలి పేరు చేర్పించుకోవడం, వేలిముద్ర పడని వృద్ధుల విషయం అధికారుల దృష్టికి తీసుకొని పోవడం అన్ని ఆఫర్ల కంటె ముందు చేయవలసిన పనులు.

జూలూరుపాడు పరిసరాలు

జూలూరుపాడు మండలం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. ఖమ్మం నుండి తల్లాడ మీదుగా కొత్తగూడెం పోయే దారిలో ఉన్నది. పత్తి, మిరప, వరి ఇక్కడి పంటలు. లంబాడీ తండాలు, కోయ గూడేలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. గృహావసర సరుకులకు ఇక్కడివారికి ఐదు మార్గాలు ఉన్నవి.

చౌకధరల దుకాణం: దీని విషయం పైన వివరించబడినది.

గ్రామ కిరాణా కొట్టు: ఇక్కడ కూపను లేదు కాని "ఖాతా" ఉన్నది. పత్తి, మిరప పండించే కుటుంబానికి డబ్బు పంట అమ్మినప్పుడే చేతికి వస్తుంది. మిగిలిన నెలలలో ఉప్పు, నూనె, సబ్బు అరువు మీదనే నడుస్తాయి. అరువిచ్చే కొట్టుకు ముద్రిత ధర మీద తగ్గింపు ఇవ్వవలసిన అవసరం ఉండదు. నగదుతో ఒకేసారి ఎక్కువ కొనగలవారికే తగ్గింపు దొరకడం, చేతిలో నగదు లేని బీదవాడు అదే వస్తువుకు ఎక్కువ చెల్లించడం ఈ మొత్తం వ్యవస్థలోని ప్రధాన లోపం.

వారపు సంత: కూరగాయలు, ఎండుమిర్చి, చింతపండు, ఎండుచేపలు వంటివాటికి సంతకు పోవడం ఆనవాయితీ. కొసరు ఇంకా బ్రతికి ఉన్నది ఇక్కడే. సంత ముగిసే వేళకు ధరలు తగ్గుతాయి. కాని సరుకు నాణ్యత కూడా తగ్గుతుంది.

గిరిజన సహకార సంస్థ డిపోలు: ఏజెన్సీలో వర్తకులు ఉప్పు, బట్టలు, రొక్కం ముందుగా అప్పిచ్చి, బదులుగా చింతపండు, తేనె, తపసి బంక వంటి అటవీ ఉత్పత్తులను చౌకగా తీసుకొనే పద్ధతిని అరికట్టడానికి 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడినది. అటవీ ఉత్పత్తులను న్యాయమైన ధరకు కొనడం, నిత్యావసర సరుకులను డి.ఆర్. డిపోల ద్వారా అమ్మడం దీని రెండు ప్రధాన బాధ్యతలు. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేక సంస్థ ఏర్పడినది. కుంకుడుకాయలు అమ్మిన చోటనే సబ్బు కొనగలగడం వలన గిరిజన కుటుంబానికి రెండు వైపులా తూకంలో మోసం తప్పుతుందన్నది ఈ ఏర్పాటు వెనుక గల ఆలోచన. షెడ్యూల్డు ప్రాంతాలలో వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించే నిబంధన 1960లో వచ్చినది కూడా ఈ ఆలోచనకు అనుబంధంగానే.

సమీప పట్టణం: కొత్తగూడెం, ఖమ్మం పట్టణాలలోని పెద్ద దుకాణాలలో కార్డులు, పాయింట్లు, పండుగ ఆఫర్లు ఉంటాయి. వీటిని పొందడానికి ప్రయాణ ఖర్చు, ఒక రోజు కూలి పోగొట్టుకోవడం అడ్డంకులు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించిన తరువాత ఈ లెక్కలో ఒక భాగం మారినది. బస్సు ఛార్జీ పోయినది, కాని కూలి నష్టం అలాగే ఉన్నది.

పొదుపు సంఘాల సామూహిక కొనుగోలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ఆరంభమైన వెలుగు పథకం క్రింద మహిళా పొదుపు సంఘాలు "బియ్యం రుణం" అనే పద్ధతిని పాటించాయి. సంఘ సభ్యులు తమ ఇంటికి నెలకు రేషను కాక ఇంకా ఎంత బియ్యం, పప్పు, నూనె కావాలో ముందుగా చెప్పేవారు. గ్రామ సంఘం ఆ మొత్తాన్ని ఒకేసారి టోకున కొని, సభ్యులకు ఇచ్చి, సొమ్మును వాయిదాలలో వసూలు చేసేది. కొట్టుకు ఒక్కొక్కరుగా పోయి అరువు అడిగే పదిమంది, ఒక్కటిగా పోయి నగదుకు బేరం చేసే ఒక కొనుగోలుదారుగా మారడం ఇందులోని కీలకం. కూపను ఇచ్చే తగ్గింపును ఇతరుల దయ మీద కాక సమష్టి బలం మీద పొందే ఈ మార్గం నాలుగైదు కుటుంబాలు కలిసినా సాధ్యమే. నూనె డబ్బా, పప్పుల బస్తా, సబ్బుల పెట్టె కలిసి కొని పంచుకొన్నచో టోకు ధర వర్తిస్తుంది.

ఆఫర్ల లెక్క

ఆఫరు పైకి కనిపించే అంకె, నిజమైన ఆదా తరచుగా వేరువేరుగా ఉంటాయి. ఈ క్రింది లెక్కలలోని ధరలు ఉదాహరణ కొరకు ఊహించినవి.

* రెండు కొంటే ఒకటి ఉచితం: మూడింటికి రెండింటి ధర. ఆదా 33 శాతం, 50 శాతం కాదు. ఒక్కటే అవసరమైన ఇంటికి ఆదా లేదు.
* 25 శాతం అదనం: 100 గ్రాముల ధరకు 125 గ్రాములు. గ్రాముకు పడే ధర 20 శాతం తగ్గుతుంది.
* 20 శాతం మీద మరొక 10 శాతం: 100 రూపాయల వస్తువు మొదట 80, తరువాత 72 అవుతుంది. మొత్తం తగ్గింపు 28 శాతం, 30 శాతం కాదు.
* వెయ్యి రూపాయలు కొంటే వంద తగ్గింపు: ఇంటికి 700 రూపాయల సరుకే అవసరమైతే, తగ్గింపు కొరకు 300 రూపాయల సరుకు అదనంగా కొని 900 చెల్లించవలసి వస్తుంది. ఆ అదనపు సరుకు వచ్చే నెలలో ఎలాగూ కొనేదే అయితే 100 రూపాయల లాభం. అవసరం లేనిదైతే 200 రూపాయల నష్టం.
* రివార్డు పాయింట్లు: వంద రూపాయలకు ఒక పాయింటు, పాయింటుకు 25 పైసలు అనుకొన్నచో నెలకు నాలుగు వేలు కొనే ఇంటికి 40 పాయింట్లు, అనగా 10 రూపాయలు. సంవత్సరానికి 120 రూపాయలు. రాయితీ పావు శాతం మాత్రమే.
* అరువు: మూడు వేల రూపాయల సరుకును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో ఆరు నెలలు అరువు ఉంచినచో వడ్డీ 360 రూపాయలు. అదే సరుకు మీద 5 శాతం కూపను ఇచ్చే ఆదా 150 రూపాయలు. ముందుగా తీర్చవలసినది అరువే.
* ప్రయాణం: వెయ్యి రూపాయల సరుకు మీద 5 శాతం తగ్గింపు కొరకు రానుపోను ఆటోకు 60 రూపాయలు ఇచ్చినచో 10 రూపాయల నష్టం.

ప్రమాణ ధర

వేర్వేరు పరిమాణాల పొట్లాలను పోల్చడానికి వంద గ్రాములకు ఎంత పడుతున్నదో చూడాలి. సబ్బుపొడి అర కిలో 60 రూపాయలు, కిలో 110 రూపాయలు, 400 గ్రాముల పొట్లం పది రూపాయల తగ్గింపు పోను 52 రూపాయలు అనుకొందాము. వంద గ్రాములకు వరుసగా 12, 11, 13 రూపాయలు పడతాయి. "తగ్గింపు" అని రాసి ఉన్నదే అన్నిటికంటె ప్రియమైనది. పెద్ద పొట్లమే ఎప్పుడూ చౌక అనే నమ్మకం కూడా సరికాదు. షాంపూ వంటి కొన్ని వస్తువులలో పెద్ద సీసా కంటె సాచెట్లే మిల్లీలీటరుకు చౌకగా పడే సందర్భాలు మనదేశంలో ఉన్నవి. పొట్లం మీద ప్రమాణ ధరను ముద్రించాలని 2021లో తూనికలు కొలతల నియమాలను సవరించారు. అందువలన పొట్లం వెనుక వైపు చదివే అలవాటు ఉన్నవారికి ఈ లెక్క మరింత సులభమైనది.

ధర అలాగే ఉంచి బరువు తగ్గించడం తయారీదారులు అనుసరించే మరొక పద్ధతి. ఐదు రూపాయల, పది రూపాయల పొట్లాలలో ఇది ఎక్కువ. ధర మారలేదు కనుక కొనుగోలుదారు గమనించడు. నికర బరువు చూడడమే దీనికి విరుగుడు.

దుకాణాలకు కలిగే ప్రయోజనం

కూపను ధర్మకార్యం కాదు, అమ్మకపు సాధనం. దాని వలన వ్యాపారికి కలిగే ప్రయోజనాలు ముఖ్యంగా నాలుగు.

# ధర విషయంలో పట్టింపు గలవారు ఓపికగా కూపను దాచి తెస్తారు. పట్టింపు లేనివారు పూర్తి ధర ఇస్తారు. ఈ విధంగా ఒకే వస్తువును ఇద్దరికి రెండు ధరలకు అమ్మవచ్చు.
# కొత్త వస్తువును ఒకసారి వాడి చూసేటట్లు చేయవచ్చు.
# గడువు దగ్గర పడిన సరుకును వదిలించుకోవచ్చు.
# కార్డు, ఫోను నంబరు ద్వారా ఏ ఇంటివారు ఏమి, ఎంత, ఎప్పుడు కొంటున్నారో తెలుసుకోవచ్చు. పాయింట్లకు బదులుగా కొనుగోలుదారు ఇస్తున్నది ఈ సమాచారమే.

గడువు తీరిపోయి, లేదా మరచిపోవడం వలన వాడని కూపన్లు, పాయింట్లు కూడా వ్యాపారికి మిగులే.

చట్టాలు, వినియోగదారుల రక్షణ

వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చినది. దాని స్థానంలో 2019 చట్టం 2020 జూలై నుండి అమలులోకి వచ్చినది. ఈ చట్టం ప్రకారం ఈ క్రిందివి అనుచిత వ్యాపార పద్ధతులు:

* ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా బహుమతులు ప్రకటించడం.
* ధరలోనే ఖరీదు కలిపి, వస్తువును ఉచితంగా ఇస్తున్నట్లు భ్రమ కల్పించడం.
* తగ్గింపు ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా తగ్గింపు ప్రకటన ఇవ్వడం.
* బహుమతి పథకం ముగిసిన తరువాత తుది ఫలితాలను పాల్గొన్నవారికి తెలుపకపోవడం.
* కొన్న సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం.
* నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత వివరాలను చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు వెల్లడించడం.

బిల్లు వేసే సమయంలో ఫోను నంబరు ఇవ్వాలని దుకాణాలు పట్టుబట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో సూచించినది. నంబరు ఇవ్వనిదే సరుకు అమ్మము అనడం సరికాదు. ముద్రిత గరిష్ఠ చిల్లర ధర కంటె ఎక్కువ తీసుకోవడం తూనికలు కొలతల నియమాలకు విరుద్ధం. ఆ ధరలో అన్ని పన్నులు కలిసే ఉంటాయి.

నెలనెలా కొంత సొమ్ము కట్టించుకొని, లాటరీ తీసి, పేరు వచ్చినవారికి సామాన్లు ఇచ్చే "స్కీములు" తెలుగు పల్లెలలో తరచుగా కనిపిస్తాయి. ఇటువంటి బహుమతి చీటీలను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించినది. 1982 చట్టం క్రింద నమోదై నడిచే చిట్‌ఫండ్లు వేరు, ఇవి వేరు. స్కీము నడిపినవారు ఊరు విడిచి పోయిన తరువాత కట్టిన సొమ్ము రాబట్టుకోవడం కష్టం.

ఫిర్యాదుల కొరకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషనులో ఐదు లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్న వస్తువుల ఫిర్యాదుకు రుసుము లేదు. బిల్లు, కూపను, ప్రకటన కాగితం భద్రపరచుకొన్నచో అవే సాక్ష్యాలు.

సెల్‌ఫోను రివార్డులు, మోసాలు

2017లో గూగుల్ సంస్థ భారతదేశంలో ప్రవేశపెట్టిన తేజ్ (తరువాత గూగుల్ పే) వంటి చెల్లింపు సాధనాలు గీకితే సొమ్ము కనిపించే స్క్రాచ్ కార్డులను ప్రచారంలోకి తెచ్చాయి. మొదట్లో నగదు ఎక్కువగా వచ్చినా, క్రమంగా వాటి స్థానంలో ఇతర సంస్థల కూపన్లు ఎక్కువైనవి. వీటిని అనుకరిస్తూ మోసగాళ్లు "మీకు క్యాష్‌బ్యాక్ వచ్చినది, పిన్ నొక్కి తీసుకోండి" అనే సందేశాలు పంపుతారు. ఈ విషయంలో ఒక్క సూత్రం జ్ఞాపకం ఉంచుకొన్నచో చాలును: పిన్ నొక్కేది సొమ్ము పంపడానికే, సొమ్ము అందుకోవడానికి పిన్ అవసరం లేదు. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్ము మార్గమధ్యంలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

పన్ను తగ్గింపు

2025 సెప్టెంబరు 22 నుండి స్నానపు సబ్బు, తలనూనె, షాంపూ, దంతధావన పేస్టు వంటి వస్తువుల మీద వస్తు సేవల పన్ను 18 శాతం నుండి 5 శాతానికి, నెయ్యి, వెన్న వంటివాటి మీద 12 నుండి 5 శాతానికి తగ్గినది. పన్ను కాక వంద రూపాయలు పడే వస్తువు 118 నుండి 105కు రావాలి. అనగా పాత ధర మీద సుమారు 11 శాతం తగ్గుదల. ఇది కూపను లేకుండా, దూరం పోకుండా పల్లె కొట్టులో కూడా అందవలసిన తగ్గింపు. కొట్టులో ధర తగ్గినదో లేదో చూచుకోవడం కొనుగోలుదారు వంతు.

గృహస్థుకు ఉపయోగపడే క్రమం

పైన చెప్పినవాటిని ఆదా పరిమాణాన్ని బట్టి వరుసగా అమర్చినచో ఈ క్రమం వస్తుంది. మొదటిది, రేషను కార్డు ద్వారా రావలసినది పూర్తిగా తీసుకోవడం. రెండవది, వడ్డీతో కూడిన అరువును తగ్గించుకోవడం. మూడవది, ఇంటిలో ఉన్న సరుకు చూచుకొని, కావలసినవాటి పట్టీ రాసుకొని, దాని ప్రకారమే కొనడం. నాలుగవది, ఇరుగుపొరుగుతో గాని, సంఘంతో గాని కలిసి టోకున కొనడం. ఐదవది, ప్రమాణ ధర పోల్చుకోవడం. కూపన్లు, పాయింట్లు ఆరవ స్థానంలో వస్తాయి. పట్టీలో ఉన్న వస్తువుకు కూపను దొరికితే అది ఆదా, కూపను ఉన్నది కదా అని వస్తువును పట్టీలో చేర్చితే అది ఖర్చు.

ఇవి కూడా చూడండి

* జూలూరుపాడు
* ప్రజా పంపిణీ వ్యవస్థ
* గిరిజన సహకార సంస్థ
* రైతు బజారు
* వినియోగదారుల రక్షణ చట్టం
* చిట్‌ఫండు